వాతావరణ దిగులు, ఊరి నిబ్బరం

వాతావరణ మార్పు మీద పనిచేసే యువత కోసం నడుస్తున్న ఫెలోషిప్పుల్లో ఈ మధ్య ఒక కొత్త రకం వచ్చింది. మొక్కలు నాటించడానికి, చెరువులు బాగుచేయించడానికి, సౌరవిద్యుత్తును ప్రచారం చేయడానికి తోడ్పడే ఫెలోషిప్పులు చాలాకాలంగా ఉన్నవే. ఈ కొత్తవి మాత్రం తుపానుకో, కరువుకో, వడగాలికో దెబ్బతిన్న జనం మనసును పట్టించుకుంటాయి. వీటికి ఎంపికయ్యేవారు ఎక్కువగా ఇరవైల్లో ఉన్నవారు, తమ ఊళ్లోనో బస్తీలోనో కాలేజీలోనో అప్పటికే ఏదో ఒక పని భుజాన వేసుకున్నవారు. ఎదుటివారి బాధ వినడం, పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించడం, ఆపద వేళ మానసిక ప్రథమ చికిత్స చేయడం, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో గుర్తుపట్టడం వారికి కొన్ని నెలలపాటు నేర్పుతారు. దారి చూపడానికి ఒక అనుభవజ్ఞుణ్ణి జతచేస్తారు, ఖర్చులకు కొంత భృతి ఇస్తారు. నేర్చుకున్నది తిరిగి సొంత చోటనే ఆచరణలో పెట్టాలి.

ఈ ఫెలోషిప్పులు పెంచాలనుకునే గుణాన్ని ఎమోషనల్ రెజిలియన్స్ అంటారు. తెలుగులో గుండె నిబ్బరం అనే మాట దానికి బాగా దగ్గర. నిబ్బరం ఉన్న మనిషి ఏడవడని కాదు. ఏడ్చి, నలుగురి ఆసరాతో లేచి, మళ్లీ పనిలో పడగలిగే శక్తిని నిబ్బరం అంటాం. ఊరికి కూడా అలాంటి నిబ్బరం ఉంటుంది. అది కొన్ని ఊళ్లలో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. ఆ తేడాకు కారణాలేమిటో, దాన్ని పెంచడం ఎలాగో వెతకడమే ఈ ఫెలోల పని.

వాతావరణానికీ మనసుకూ ఉన్న ముడిని శాస్త్రలోకం ఆలస్యంగా పట్టించుకుంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఐపీసీసీ నివేదికల్లో మానసిక ఆరోగ్యం చాలాకాలం పక్క ప్రస్తావనగానే మిగిలింది. 2022 నాటి నివేదికలో మాత్రం, పెరుగుతున్న వేడి, విపత్తులు, జీవనోపాధి నష్టం మనుషుల మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తున్నాయని ఆ సంఘం గట్టి నమ్మకంతో ప్రకటించింది. అంతకు కొన్ని నెలల ముందు, 2021లో, లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక పెద్ద సర్వే వెలువడింది. భారత్ సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగితే, వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఆ ఆందోళన తమ తిండి, నిద్ర, చదువు, పని మీద పడుతోందని 45 శాతానికి పైగా చెప్పారు. భవిష్యత్తును తలచుకుంటే భయమేస్తోందన్నవారు 75 శాతం.

పల్లెల్లో ఈ బాధ సర్వేల మాటల్లో బయటపడదు, అప్పుల పద్దుల్లో, ఆసుపత్రి రికార్డుల్లో కనిపిస్తుంది. అమెరికన్ ఆర్థికవేత్త టామా కార్ల్‌టన్ 2017లో ప్రచురించిన పరిశోధన భారతదేశంలోని ఆత్మహత్యల లెక్కలను, ఉష్ణోగ్రతల లెక్కలను పక్కపక్కన పెట్టి చూసింది. పంట చేలో ఉన్న కాలంలో, 20 డిగ్రీలు దాటిన రోజున వేడి మరొక్క డిగ్రీ పెరిగితే దేశం మొత్తం మీద సుమారు 70 ఆత్మహత్యలు అదనంగా జరుగుతున్నాయని తేలింది. పంట లేని కాలంలో అదే వేడి అలాంటి ప్రభావం చూపలేదు. అంటే మనిషిని కుంగదీస్తున్నది ఒంటికి తగిలే ఎండ ఒక్కటే అయివుండదు, చేలో మాడిపోతున్న పైరు కూడా. మూడు దశాబ్దాల్లో 59,300 ఆత్మహత్యలకు వేడెక్కుతున్న వాతావరణంతో సంబంధం ఉందని ఆమె అంచనా. ఇంత పెద్ద సంఖ్య వెనక ఉన్న ఒక్కొక్క ఇంటిని ఊహించుకుంటే, మనసు గురించి మాట్లాడటం తీరిక ఉన్నవారి వ్యవహారం అనే అభిప్రాయం నిలవదు.

బాధ అన్నిచోట్లా ఒకే తీరుగా రాదు. తుపాను ఒక్క రాత్రిలో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. ఉప్పాడ తీరంలో సముద్రం ఏటా కొంచెం కొంచెంగా ఇళ్లను మింగుతూ వస్తుంటే, ఈసారి ఎవరి వంతో అన్న గుబులు ఏళ్ల తరబడి తొలుస్తుంది. ఆస్తికీ ప్రాణానికీ ఏమీ కాకపోయినా, పరిచయమైన నేల పరాయిదైపోయిన బాధ మరోటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. పరిహారం చెట్టుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. కానీ మళ్లీ నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఐదారేళ్లు పడుతుంది, నిండుగా కాయడానికి ఇంకా ఎక్కువ. తాత నాటిన చెట్టు నీడలో పెరిగిన మనిషికి ఆ ఖాళీ ఆకాశం కిందే రోజూ తెల్లవారుతుంది. దానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

ఈ బాధకు ఆస్ట్రేలియా తత్వవేత్త గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ 2003లో ఒక పేరు పెట్టాడు. న్యూసౌత్‌వేల్స్‌లోని హంటర్ లోయలో బొగ్గు గనులు పచ్చని పొలాలను తవ్వి గుంతలు చేస్తుంటే, అక్కడివారు ఇల్లు కదలకుండానే ఇంటి మీద బెంగపడటం ఆయన గమనించాడు. దానికి సోలాస్టాల్జియా అని పేరుపెట్టాడు. బెంగ అనే మాట ఉన్న తెలుగువారికి ఇది అర్థం కావడానికి కష్టం లేదు. అత్తారింటికి వెళ్లిన పిల్లకు పుట్టింటి మీద, హాస్టల్లో చేరిన కుర్రాడికి ఊరి మీద బెంగ. ఊళ్లోనే ఉండి ఊరి మీద బెంగపెట్టుకోవడం మాత్రం కొత్త.

ఈ బెంగ ఒక సమాజం మొత్తాన్ని ఎలా పట్టిందో, ఆ సమాజం ఎలా తట్టుకుందో బాగా తెలిసిన ఉదాహరణ కెనడా ఈశాన్య కొసన ఉన్న లాబ్రడార్ తీరం. నునాట్సియావుట్ అనే ఇన్యూట్ స్వపరిపాలన ప్రాంతంలో ఐదు చిన్న ఊళ్లున్నాయి. వాటిలో రిగోలెట్ జనాభా సుమారు 300. చలికాలంలో గడ్డకట్టిన సముద్రమే వారికి రహదారి. వేటకు వెళ్లాలన్నా, కట్టెలు తేవాలన్నా, అడవిలోని చెక్క గుడిసెలకు చేరాలన్నా మంచు మీద ప్రయాణమే. ఆ మంచు ఆలస్యంగా గడ్డకట్టడం, త్వరగా విరిగిపోవడం మొదలైంది. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పలచబడిందో చెప్పగల పెద్దల అనుభవం మీద కూడా నమ్మకం సడలింది. అక్కడివారితో కలిసి ఏళ్లపాటు పనిచేసిన పరిశోధకురాలు ఆష్లీ కన్సోలో ముందు అడిగింది వాతావరణం గురించి, ఆరోగ్యం గురించి. జనం చెప్పింది మాత్రం దిగులు, కోపం, చేతులు కట్టేసినట్టుండే నిస్సహాయత, ఇళ్లలో పెరిగిన చిరాకులు, తాగుడు. నేల మీదికి వెళ్లలేని ఇన్యూట్ ఇన్యూటేనా అన్న ప్రశ్న వారిని తొలిచేది. 2018లో ఆమె, ఆస్ట్రేలియాలోని గోధుమ రైతులతో పనిచేసిన నెవిల్ ఎలిస్ కలిసి రాసిన వ్యాసంతో పర్యావరణ శోకం అనే భావన పరిశోధకుల చర్చలోకి గట్టిగా వచ్చింది. మంచు మీద బతికేవారికీ మెట్ట పొలం మీద బతికేవారికీ ఒకే రకమైన దుఃఖం కనిపించడం ఆ వ్యాసంలో అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం.

ఆ ప్రాంతంలోని రిగోలెట్, మకోవిక్, పోస్ట్‌విల్ ఊళ్లలో జరిగిన ఒక ప్రయత్నం ఈనాటి ఫెలోషిప్పులకు మంచి పాఠం. యువతను ఊరి పెద్దలతో జతచేసి వేట, కుట్టుపని, చెక్కడం లాంటి పాత విద్యలు నేర్పించారు. చూడటానికి అది చేతిపనుల శిక్షణ. జరిగింది మాత్రం అంతకంటే ఎక్కువ. పిల్లలకు తమవారెవరో తెలిసింది, తమ అనుభవం ఇంకా ఎవరికో అక్కరకొస్తుందని పెద్దలకు తెలిసింది. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నాట్లు వేస్తూ, అప్పడాలు ఒత్తుతూ కష్టసుఖాలు చెప్పుకునే ఆడవారికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊరికి ధైర్యం చెప్పాల్సిన యువనాయకుల మనసే ముందు అలసిపోతుండటం ఈ రంగంలో ఉన్న మరో చిక్కు. రాత్రింబవళ్లు విపత్తుల వార్తలు చదువుతూ, కార్యక్రమం వెంట కార్యక్రమం నడుపుతూ, ఫలితం కనిపించక రెండు మూడేళ్లకే పక్కకు తప్పుకునేవారు చాలామంది. స్వీడన్‌లోని ఒరెబ్రూ విశ్వవిద్యాలయంలో మరియా ఒయాలా పన్నెండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. సమస్యను ఎలా పరిష్కరించాలా అని మాత్రమే ఆలోచించే పిల్లలు మంచి పనులు ఎక్కువగానే చేశారు, కానీ బాధ కూడా ఎక్కువే పడ్డారు. ఈ పోరాటంలో తనలాంటివారు ఎందరో ఉన్నారు, పరిస్థితి ఘోరమైనా చేసే పనికి అర్థముంది అనుకోగలిగినవారు పని చేస్తూనే కుదురుగా ఉండగలిగారు. పని చేస్తే దిగులు పోతుందని యువతకు ఇచ్చే సలహా సగమే నిజమని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఫిన్లాండ్ పరిశోధకుడు పాను పిహ్కలా మూడు దశలు చెబుతాడు: పని చేయడం, శోకించడం, కొంతసేపు దూరం జరగడం. మనిషి ఈ మూడింటి మధ్య తిరుగుతూ ఉండాలి, ఏ ఒక్కదానిలో ఇరుక్కుపోయినా చేటే. మంచి ఫెలోషిప్పుల్లో ఈ మూడో దశకు, అంటే సెలవుకు, ఆటకు, వార్తలు కట్టిపెట్టి నిద్రపోవడానికి, పాఠ్యాంశంలోనే చోటుంటుంది.

అమెరికాలో 2016లో మొదలైన గుడ్ గ్రీఫ్ నెట్‌వర్క్ ఈ దారిలో తొలి ప్రయత్నాల్లో ఒకటి. లారా ష్మిట్, ఎయిమీ లూయిస్ రూ కలిసి దీన్ని ప్రారంభించారు. తాగుడు మానాలనుకునేవారు గుంపుగా కూర్చుని ఒకరికొకరు ఆసరా అయ్యే పన్నెండు మెట్ల పద్ధతిని చూసి, పది మెట్ల పద్ధతి ఒకటి అల్లారు. వారానికొక మెట్టు చొప్పున చిన్న బృందం కలుసుకుంటుంది. పరిస్థితి తీవ్రతను ఒప్పుకోవడంతో మొదలై, బాధను బాధగా అనుభవించడం, విశ్రాంతి తీసుకోవడం మీదుగా సాగి, అర్థమున్న పనిలోకి మళ్లీ అడుగుపెట్టడంతో ముగుస్తుంది. నైజీరియాలో జెన్నిఫర్ ఉచెండు 2016లో సస్టీవైబ్స్ అనే యువజన సంస్థను స్థాపించింది. ఆందోళన తనను కూడా చుట్టుముట్టాక, 2022లో ఆఫ్రికన్ల వాతావరణ ఆందోళన మీద ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. అదే ఏడాది నైజీరియా వరదల్లో 600 మందికి పైగా చనిపోయారు, పది లక్షలకు పైగా జనం నిరాశ్రయులయ్యారు. యూరప్ యువతకు భవిష్యత్తు గురించి వచ్చే భయం, కళ్లెదుటే ఇల్లు మునిగినవారి భయం ఒకటి కావని, వాటికి వేర్వేరు మాటలు, వేర్వేరు ఆసరాలు కావాలని ఇలాంటి అనుభవాలు చెబుతాయి.

ఫెలోలకు నేర్పే విద్యల్లో మొదటిది, అన్నిటికంటే కష్టమైనది వినడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మరికొన్ని సంస్థలతో కలిసి ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపిక మొత్తం పద్ధతిని మూడు మాటల్లో కుదిస్తుంది: చూడు, విను, కలుపు. చోటు క్షేమమేనా, ఎవరు బాగా బెదిరిపోయి ఉన్నారు, ఎవరికి తక్షణం ఏం కావాలి అనేది చూడాలి. పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు వినాలి. తర్వాత అన్నం, మందు, తప్పిపోయిన బంధువు, ప్రభుత్వ సాయం వంటి వాటితో ఆ మనిషిని కలపాలి. ఓదార్పు అనుకుని చుట్టుపక్కలవారు అనే మాటలను మానుకోవడం కూడా శిక్షణలో భాగమే. ఊరుకో అమ్మా పోయినవాళ్లు తిరిగొస్తారా, నీకంటే కష్టాలు పడ్డవాళ్లు లేరా, ప్రాణాలతో బయటపడ్డావు సంతోషించు వంటి మాటలు అనేవారి మనసు మంచిదే. వినేవారికి మాత్రం నోరు మూయించినట్టుంటుంది.

బలవంతంగా మాట్లాడించడం కూడా తప్పే. విపత్తు జరిగిన ఒకటి రెండు రోజుల్లో బాధితుల చేత జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి 1980ల నుంచి అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత జరిగిన పరీక్షల్లో దానివల్ల మేలు జరిగినట్టు తేలలేదు, కొందరికి హాని కూడా జరిగింది. అందుకే ఇప్పుడు దాన్ని సిఫారసు చేయరు. చెప్పాలనిపించినప్పుడు వినే మనిషి దగ్గరలో ఉండాలి, చెప్పాలనిపించనప్పుడు పక్కన ఊరికే కూర్చోగల ఓపిక ఉండాలి. క్షేమంగా ఉన్నామన్న భావన, మనసు కుదుటపడటం, మన చేతిలో కొంతైనా ఉందన్న నమ్మకం, తోటివారితో సంబంధం, ఆశ. పెద్ద ఆపదల తర్వాత మనుషులు తేరుకోవడానికి ఈ ఐదూ ముఖ్యమని స్టీవాన్ హోబ్‌ఫోల్, ఆయన సహచరులు 2007లో చేసిన సమీక్ష చెప్పింది. ఇవేవీ మందుల షాపులో దొరికేవి కావు. ఊళ్లోనే పుట్టాలి.

వైద్యశాస్త్రం చదవనివారు ఈ పని చేయగలరా అనే సందేహం సహజం. దానికి గట్టి సమాధానం జింబాబ్వే రాజధాని హరారే నుంచి వచ్చింది. మానసిక వైద్యుడు డిక్సన్ చిబండా దగ్గరికి రావాల్సిన ఒక యువతి, బస్సు చార్జీలకు 15 డాలర్లు లేక రాలేకపోయి ప్రాణం తీసుకుంది. అప్పటికి దేశం మొత్తానికి మానసిక వైద్యులు పది పన్నెండు మందే. ఆసుపత్రికి జనం రాలేకపోతే జనం దగ్గరికే వెళ్లాలని ఆయన 2006లో ఎంబారే పేటలో 14 మంది అమ్మమ్మలతో పని మొదలుపెట్టాడు. వారు అప్పటికే నగర ఆరోగ్య శాఖ తరఫున వాడల్లో తిరిగే కార్యకర్తలు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల వేశారు. మొదట దానికి మానసిక ఆరోగ్య బల్ల అని పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోలేదు. స్నేహపు బల్ల అందామని అమ్మమ్మలే చెప్పారు. డిప్రెషన్ అనే మాటను కూడా వారు పక్కన పెట్టి, షోనా భాషలో అతిగా ఆలోచించడం అనే అర్థమున్న కుఫుంగిసిస అనే వాడుక మాటనే పట్టుకున్నారు. వచ్చినవారు ముందు మనసు విప్పుతారు. ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికి తామే ఒక చిన్న పరిష్కారం ఆలోచించుకుంటారు. అది చేసి చూసి మళ్లీ వస్తారు. ఇలా ఆరు విడతల తర్వాత తోటివారి బృందంలో చేరతారు. పారేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ ఆ బృందంలో మాట్లాడుకుంటారు. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం పొందినవారిలో 50 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు మిగిలివుంటే, బల్ల మీద కూర్చున్నవారిలో 14 శాతం మందికే మిగిలాయి.

భారతదేశంలోనూ లెక్క ఇలాంటిదే. లక్ష మందికి మానసిక వైద్యులు ఒక్కరైనా లేరు, ఆ సంఖ్య 0.75 అని అంచనా. విపత్తు బాధితుల మనసు గురించి ఇక్కడ పద్ధతి ప్రకారం ఆలోచించడం 1984 భోపాల్ దుర్ఘటన తర్వాతే ఊపందుకుంది. అంతకు ముందు, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని మిగిలినవారు ఆ రాత్రిని దశాబ్దాలపాటు తమలోనే మోశారు. 1999 ఒడిశా పెనుతుపాను, 2004 సునామీల తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఊళ్లలోని టీచర్లకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చే పద్ధతిని విస్తరించింది. మనసులోది బయటపెట్టనివ్వడం, శ్రద్ధగా వినడం, బంధువుల ఆసరా కూడగట్టడం, ఏదో ఒక పనిలోకి మళ్లించడం, ఆటపాటలు, ఎవరి నమ్మకం ప్రకారం వారి పూజ, ప్రార్థన వంటివి ఆ శిక్షణలో మూలసూత్రాలు. పిల్లల చేత బొమ్మలు వేయించేవారు. నోటితో చెప్పలేనిది కాగితం మీద పడేది.

తెలంగాణలో 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ మరో మేలైన ఉదాహరణ. ఆత్మహత్యల నివారణ కోసం పెట్టిన ఆ నంబరుకు రైతులు ఫోన్ చేసి చెప్పేది పాస్‌బుక్ రాలేదని, బ్యాంకు రుణం ఇవ్వలేదని, బీమా అందలేదని. ఫోనెత్తినవారు ధైర్యం చెప్పి పెట్టేయకుండా, ఆ కాగితం ఏ ఆఫీసులో ఆగిందో కనుక్కుని కదిలిస్తారు. మనసు వేరు, మండలాఫీసు వేరు అని గీత గీసే ఫెలోషిప్పు పల్లెలో ఎందుకూ పనికిరాదు. మునిగిన ఇంటికి పరిహారం ఇప్పించలేనివారు కనీసం ఆ దరఖాస్తు పట్టుకుని వెంట నడవాలి.

ఊరంతా ఒక్కటేనని అనుకోవడం ఈ పనిలో పెద్ద ప్రమాదం. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త డేనియల్ ఆల్డ్రిచ్ సునామీ తర్వాత తమిళనాడు తీర గ్రామాలను అధ్యయనం చేశాడు. కులపంచాయతీలు బలంగా, బయటి అధికారులతో పరిచయాలు గట్టిగా ఉన్న మత్స్యకార గ్రామాలు త్వరగా తేరుకున్నాయి. అదే ఐకమత్యం దళితులను, ఒంటరి ఆడవారిని, పంచాయతీ జాబితాలో పేరు లేనివారిని సాయానికి దూరం చేసింది. ఊరి నిబ్బరం కొందరికే గోడగా నిలిచి మిగిలినవారిని బయట వదిలేయగలదు. కాబట్టి ఫెలోలను ఎంపిక చేసేటప్పుడు ఏ వాడ పిల్లలు వస్తున్నారు అన్నది చాలా ముఖ్యం. భృతి సంగతి కూడా అలాంటిదే. జీతం లేని స్వచ్ఛంద సేవ అంటే ఇంట్లో జరుగుబాటు ఉన్నవారే ముందుకు రాగలరు. చేపల గంప మోసే తల్లి కూతురు రావాలంటే నెలకు ఇంత అని చేతిలో పడాలి.

ఫెలోల అధికారానికి హద్దులుంటాయి. వారు వైద్యులు కారు, మందుల మాట ఎత్తకూడదు. వారాల తరబడి నిద్ర పట్టనివారు, తమలో తాము మాట్లాడుకునేవారు, చావు ప్రస్తావన తెచ్చేవారు కనిపిస్తే వెంటనే వైద్యం దగ్గరికి చేర్చాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. రోజూ ఇతరుల దుఃఖం వినే ఫెలోకు కూడా వారానికొకసారైనా తన బరువు దించుకునే చోటు ఉండాలి. ఆ ఏర్పాటు లేని కార్యక్రమాల్లో వినేవారే ముందు కుంగిపోతారు.

ఫెలోషిప్పు గడువు ఏడాదో, ఏడాదిన్నరో ఉంటుంది. కూలిన కొబ్బరితోట మళ్లీ కాయడానికి అంతకు ఎన్నో రెట్ల కాలం పడుతుంది. హరారే అమ్మమ్మల పని దాదాపు ఇరవై ఏళ్లుగా నిలవడానికి, మలావీ నుంచి న్యూయార్క్ దాకా పాకడానికి ఒక కారణం ఉంది. వారి బల్ల మొదటి రోజు నుంచీ నగర క్లినిక్ ఆవరణలోనే ఉంది, వారు ఆ క్లినిక్ మనుషులే. తెలుగు నేల మీద అలాంటి చోట్లు కొత్తగా కట్టాల్సిన పని లేదు. నెలనెలా కూర్చునే స్వయం సహాయక సంఘం ఉంది, గడప గడపా తెలిసిన ఆశా కార్యకర్త ఉంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు వేపచెట్టు ఉంది. ఫెలో నేర్చుకున్న విద్య గడువులోగా ఆశా కార్యకర్తకూ, సంఘం లీడరుకూ చేరితే, తర్వాతి తుపాను వచ్చేనాటికి ఆ ఊళ్లో వినే మనిషి ఉంటుంది.